కార్మికుని కూలి, కార్మికుని లెక్క

మన దేశమున కార్మికసంఘములు వెలసి నూఱేండ్లు దాటినవి. 1918 ఏప్రిల్ 27వ తేదీన చెన్నపురియందు బి. పి. వాడియాగారి యధ్యక్షతను మద్రాసు లేబరు యూనియను స్థాపితమయ్యెను. 1920 అక్టోబరు 31న బొంబాయిలో లాలా లజపతిరాయిగారి యధ్యక్షతను అఖిల భారత ట్రేడుయూనియను కాంగ్రెసు తొలిసారి సమావేశమయ్యెను. బకింగుహాము, కర్నాటకు మిల్లుల యాజమాన్యము వాడియాగారిపై హైకోర్టునుండి నిషేధాజ్ఞ తెచ్చిన పిమ్మట, సంఘము పెట్టుకొనుట నేరము కారాదని ఎన్. ఎం. జోషిగారు కేంద్ర శాసనసభలో పట్టుపట్టగా, 1926లో ట్రేడుయూనియనుల చట్టము వచ్చెను.

ఈ నూఱేండ్లలో మన సంఘములు సభలు జరిపినవి, సమ్మెలు నడిపినవి, జైళ్లు చూచినవి. చట్టసభలకు ప్రతినిధులను పంపినవి. రాష్ట్రపతిపీఠము నధిష్ఠించిన యొక నాయకుని సైతము దేశమునకిచ్చినవి. అయినను ఒక్క పనిముట్టును మాత్రము అవి తగినంతగా సంపాదించుకొనలేదు. తమ కూలిని తామే లెక్కగట్టుకొను పరిశోధనాలయము, ఆ లెక్కను తమవారికి నేర్పు పాఠశాల, ఇవియే యా పనిముట్టు. ఇది చిన్న లోపముగా కొందఱకు తోచవచ్చును. నేటి స్థితిలో సంఘముల బ్రతుకు చాలవఱకు దీనిపైననే యాధారపడియున్నదని మా యభిప్రాయము.

బేరమునకు కూర్చున్న రెండు పక్షములను పరికింపుడు. ఒకప్రక్క యాజమాన్యమువారు. వారివెంట లెక్కల నిపుణులు, న్యాయవాదులు, గణాంకశాస్త్రవేత్తలు. పదేండ్ల ఆదాయవ్యయపట్టికలు వారి చేతిలోనుండును. ఇంకొకప్రక్క రాత్రి షిఫ్టు దిగి స్నానమైనను చేయక వచ్చిన సంఘకార్యదర్శి. బియ్యము ధర యెంత పెరిగినదో, పిల్లవాని బడిజీతమెంతయో అతడు అనుభవముచే ఎఱుగును. కాని ‘సంస్థకు మిగులు లేదు’ అని యాజమాన్యము పలికినప్పుడు, ఆ మిగులు ఎక్కడ మాయమైనదో చెప్పుటకు అనుభవము చాలదు. యంత్రముల తఱుగుదల క్రింద ఎంత వ్రాసిరి, నిల్వనిధికి ఎంత మరలించిరి, అనుబంధ కంపెనీకి సరకు ఏ ధరకు అమ్మిరి అను ప్రశ్నలు వేయవలెను. నేటి వేతనసంహిత ప్రకారము కనిష్ఠ బోనసు నూటికి 8.33, గరిష్ఠము నూటికి 20. ఈ రెంటి నడుమ కార్మికునకు రావలసినదెంత అనునది పంచదగిన మిగులు లెక్కపై నిలిచియున్నది. ఆ లెక్క చదువరాని సంఘము 8.33నే వరముగా భావించి ఇంటికి పోవును.

లెక్కయొక్క బలమెట్టిదో మన దేశచరిత్రలోనే గొప్ప నిదర్శనము కలదు. 1917లో అహమ్మదాబాదున ప్లేగు వ్యాపించినప్పుడు, పనివారు ఊరు విడిచి పోకుండుటకై మిల్లు యజమానులు ప్రత్యేక బోనసు నిచ్చిరి. ప్లేగు తగ్గినంతనే దానిని నిలుపదలచిరి. ధరలు మాత్రము తగ్గలేదు. కార్మికులు నూటికి 50 పెంపు కోరిరి. యజమానులు 20 మాత్రమే ఇత్తుమనిరి. అప్పుడు గాంధీమహాత్ముడు, వల్లభాయి పటేలు, శంకరలాలు బ్యాంకరుగార్లు కార్మికుల పక్షమున చేసిన మొదటి పని విచారణ. మిల్లుల స్థితి, బొంబాయి కూలిరేట్లు, పనివారి యింటి ఖర్చులు పరిశీలించి, నూటికి 35 న్యాయమైన పెంపని వారు తేల్చిరి. అంతట కార్మికులను 50 నుండి 35కు దిగివచ్చుటకు ఒప్పించిరి. ఆ తరువాతనే ప్రతిజ్ఞ. ఆ తరువాతనే పోరాటము.

ఈ క్రమమును పాఠకులు గమనింపవలెను. పోరాటమునకు ముందు విచారణ జరిగినది. విచారణ తేల్చిన యంకె తమ కోరికకంటె తక్కువయైనను కార్మికులు దానిని శిరసావహించిరి. అందుచేతనే ఆ యంకెను కదల్చుట యజమానులకు శక్యము కాలేదు. పోరాటము జరిగినన్నాళ్లు అనసూయా సారాభాయిగారి పేరిట వెలువడిన కరపత్రములను పనివారికి చదివి వినిపించుచుండిరి. యజమానులకు నాయకుడైన అంబాలాలు సారాభాయి ఆమెకు స్వయముగా సోదరుడు. సమ్మెకాలమందలి ఆ కరపత్రపఠనము కార్మికవిద్య కాక మఱేమి? 1918 మార్చి 15న గాంధీజీ నిరాహారదీక్షకు పూనగా మూడు దినములలో వివాదము మధ్యవర్తికి అప్పగింపబడెను. మధ్యవర్తియైన ఆనందశంకర ధ్రువగారు తుదకు నూటికి 35 నే తీర్పు చెప్పిరి. దీక్ష యొక్క మహిమను అందఱు చెప్పుదురు. దీక్షకు వెనుకనున్న లెక్కను చెప్పువారు అరుదు.

ఆ పోరాటమునుండియే 1920లో మజూర్ మహాజను పుట్టెను. దానికి 1922 మొదలు 1946 వఱకు కార్యదర్శిగా నుండిన గుల్జారీలాలు నందాగారు, అంతకుముందు అలహాబాదు విశ్వవిద్యాలయమున కార్మికసమస్యలపై పరిశోధన చేసినవారు. పరిశోధకుడు సంఘకార్యదర్శి యగుటవలన కలిగిన ఫలమేమి? ఆయన కేంద్ర కార్మికమంత్రియైయుండగా 1957 జూలైలో జరిగిన 15వ భారత కార్మిక మహాసభ, కనీసవేతనమును అవసరములనుబట్టి లెక్కింపవలెనని ఏకగ్రీవముగా తీర్మానించెను. సంపాదించు నొకని కూలి మూడు వినియోగప్రమాణముల కుటుంబమును పోషింపవలెను. ఆహారము డాక్టరు ఏక్రాయిడుగారు సూచించిన కొలత ననుసరించి ఉండవలెను. దినమునకు 2700 కేలరీలని దానిని వాడుకగా చెప్పుదురు. నలుగురి కుటుంబమునకు సంవత్సరమునకు 72 గజముల బట్ట కావలెను. ఇంటి అద్దె, దానిపై వంటచెఱకు, దీపము, ఇతర ఖర్చులకై మొత్తములో నూటికి 20 చేర్పవలెను. 1991లో సుప్రీముకోర్టు, రాప్టకోస్ బ్రెట్ వ్యాజ్యమున, పిల్లల చదువు, వైద్యము, వినోదము, వార్ధక్యము, వివాహము మున్నగువానికి మఱి నూటికి 25 కలుపవలెనని చెప్పెను.

ఏక్రాయిడుగారు కూనూరు పోషకాహార పరిశోధనాలయమునకు అధిపతులుగా నుండినవారు. ఆ పరిశోధనాలయమే 1958లో హైదరాబాదునకు తరలివచ్చి నేడు జాతీయ పోషకాహార సంస్థయను పేర వెలయుచున్నది. కూలివాని గిన్నెలోని అన్నమునకును, హైదరాబాదులోని ప్రయోగశాలకును ఇట్టి సంబంధము కలదని మన సంఘములలో ఎందఱెఱుగుదురు? తీర్మానము వ్రాతలో నున్నది. దానిని నేటి ధరలకు మార్చి, ప్రతి యేట, ప్రతి జిల్లాలో, ‘ఇది మా కనీసవేతనము’ అని ప్రకటింపవలసినవారు కార్మికులే.

లెక్క ఇతరుల చేతిలో నున్నచో ఏమగునో కూడ మనకు అనుభవమే. కార్మికునకిచ్చు కరవుభత్యము వినియోగధరల సూచికతో ముడిపడియున్నది. సూచిక ఒక్క మెట్టు క్రిందుగా వ్రాయబడెనా, లక్షలాది కుటుంబముల నోటినుండి నెలనెల కొంత తొలగిపోవును; ఎవ్వడును దొంగ అనిపించుకొనడు. 1960 దశకారంభమున బొంబాయి కార్మికులకు ఈ యనుమానమే కలిగెను. అంగడిలోని ధరకును, ప్రభుత్వసూచికకును పొంతన లేదని సంఘములు ఘోషించెను. 1963లో మహారాష్ట్ర ప్రభుత్వము లక్డావాలాగారి యధ్యక్షతను నిపుణుల సంఘమును నియమించెను. సూచికలో లోపములున్నవని ఆ సంఘము అంగీకరించి సవరణలను సూచించెను. గణాంకవేత్తల గదిలో దాగిన తప్పును పట్టుకొన్నది కార్మికుల సంశయము. అయితే ఆ సంశయమును శాస్త్రీయముగా నిరూపించుటకు ఎంత కాలము పట్టినది! ఆ నడుమ పోయిన కూలి ఎంత!

నేడును లేబరు బ్యూరోవారు పారిశ్రామిక కార్మికుల సూచికను ప్రకటించుచున్నారు. 2020లో దాని మూలవత్సరము 2001 నుండి 2016కు మాఱెను. పాత సూచికను క్రొత్తదానితో కలుపు గుణకము 2.88 అని నిర్ణయించిరి. ఈ యొక్క అంకె కోట్లాది రూపాయల కూలిని ప్రభావితము చేయును. దానిని సరిచూడగలవారు సంఘములలో ఎందఱున్నారు? ప్రభుత్వోద్యోగులు మోసము చేయుదురని మేము చెప్పుట లేదు. సరిచూచువాడు లేని లెక్కకు విశ్వాసార్హత యుండదని మాత్రమే మా వాదము.

ఈ పనిని సంఘములు స్వయముగా చేసికొనజాలునా యని సందేహించువారికి బ్రెజిలు దేశము సమాధానమిచ్చుచున్నది. 1955లో సావోపాలో నగరమున కొన్ని కార్మికసంఘములు కూడి ఒక పరిశోధనసంస్థను నెలకొల్పినవి. దాని దీర్ఘనామము ‘సంఘముల ఉమ్మడి గణాంక, సామాజికార్థిక పరిశోధన శాఖ’ అను నర్థమిచ్చును. వాడుకలో దానిని దియేసె యందురు. ప్రభుత్వపు ధరల లెక్కపై నమ్మకము చాలక, కార్మికకుటుంబముల ఖర్చును తామే కనుగొనుటకు ఆ సంఘములు పూనుకొనెను. 1964లో సైన్యము రాజ్యము నాక్రమించిన పిమ్మట, కూలి ఎంత పెరుగవలెనో ప్రభుత్వసూత్రమే నిర్ణయించుచుండెను. ఆ సూత్రమునకు మూలము ప్రభుత్వపు ధరల అంకె. సమ్మెలు అణగద్రొక్కబడెను, నాయకులు చెరసాలల పాలైరి. ఆ చీకటిలోను దియేసె తన లెక్కను తాను వ్రాయుచునే యుండెను.

1973వ సంవత్సరమునకు ప్రభుత్వము ప్రకటించిన ధరల పెరుగుదల నిజమునకు చాల తక్కువయని దియేసె లెక్కలు చూపెను. అప్పట్లో పాలకులు దానిని చెవిని పెట్టలేదు. 1977లో ప్రపంచబ్యాంకు నివేదిక యొకటి బయటపడగా, అదియు ప్రభుత్వపు అంకెను త్రోసిపుచ్చెను. అంతట సావో బెర్నార్డోలోని లోహకార్మికుల సంఘము, తమ కూలిలో నూటికి 34.1 పాలు పోయినదనియు, దానిని తిరిగి ఇయ్యవలెననియు ఉద్యమించెను. ఆ సంఘాధ్యక్షుడు లూలా. మఱుసటి సంవత్సరము మే నెలలో ఆ పట్టణమందలి కర్మాగారములలో సమ్మె రగుల్కొనెను. సైనికపాలన 1985లో అంతరించెను. సంఘాధ్యక్షుడైన లూలా 2003లోను, మరల 2023లోను దేశాధ్యక్షపీఠము నెక్కెను. దియేసె నేటికిని నిత్యావసర ఆహారపు బుట్ట ధరను నెలనెలకు ప్రకటించుచున్నది. ఒక కుటుంబము బ్రతుకుటకు వలయు కనీసవేతన మెంతయో లెక్కించుచున్నది. సంఘములవారికి పాఠములు చెప్పుచున్నది. తుపాకికి బెదరిన దేశమున ఒక అంకె బెదరకుండ నిలిచినది. అది సంఘముల సొమ్ముతో, సంఘముల నీడలో పెరిగిన యంకె యగుటయే దాని ధైర్యమునకు కారణము.

మన దేశమున ఇట్టి ప్రయత్నములే లేవని చెప్పుట అన్యాయము. 1958లో కేంద్రప్రభుత్వము నాగపురము కేంద్రముగా కార్మికవిద్యామండలిని స్థాపించెను. ప్రభుత్వములు, యజమానులు, సంఘములు మువ్వురికిని అందు స్థానమీయబడెను. మండలి మొదట విద్యాధికారులను తయారుచేయును. వారు కర్మాగారములనుండి ఎన్నుకొన్న పనివారిని కార్మికోపాధ్యాయులుగా తీర్చుదురు. ఆ యుపాధ్యాయులు తమ తోడిపనివారికి వారి చోటనే పాఠములు చెప్పుదురు. పనివాడే పనివానికి గురువగు నీ పద్ధతి మెచ్చదగినది. ఆ మండలి నేడు దత్తోపంత్ ఠేంగ్డీగారి పేరిట నడచుచున్నది. 1974లో జాతీయ కార్మిక సంస్థ ఏర్పడెను. 1995లో దానికి మన వరాహగిరి వేంకటగిరిగారి పేరు పెట్టిరి. నోయిడాలోనున్న యా సంస్థ పరిశోధనయు, శిక్షణయు రెండును సాగించుచున్నది. బొంబాయిలో రాష్ట్రీయ మిల్ మజ్దూర్ సంఘమువారు అంబేకరుగారి స్మారకముగా కార్మికాధ్యయన సంస్థను నెలకొల్పిరి. ఇవన్నియు దేశమునకు ఉపకారము చేసినవే.

అయినను పై రెండు గొప్ప సంస్థలును ప్రభుత్వముయొక్క ద్రవ్యముతో బ్రతుకునవి. వాని విద్వాంసుల చిత్తశుద్ధిని శంకించుటకు మాకు హక్కు లేదు. కాని ప్రభుత్వము స్వయముగా పెద్ద యజమాని. రైళ్లు, బొగ్గుగనులు, ఉక్కు కర్మాగారములు, తపాలా దానివే. కూలిచట్టములను చేయునదియు ప్రభుత్వమే. సూచికను ప్రకటించునదియు ప్రభుత్వమే. ఇట్టిచో కార్మికపక్షమున నిలిచి, ‘ఈ సూచిక తప్పు, ఈ చట్టము కీడు’ అని నిర్మొగమాటముగా చెప్పు పరిశోధన, ప్రభుత్వ మిచ్చు గ్రాంటుపై ఎంతవఱకు సాగగలదు? మువ్వురు కూర్చున్న సభలో మువ్వురికిని సమ్మతమైన మాటయే పాఠ్యగ్రంథమున చేరును. అదియు అవసరమే. అయితే అది న్యాయమూర్తికి తగిన చదువు. వాదికి తన న్యాయవాది వేఱుగా నుండవలెను గదా!

గిరిగారి పేరు తలచినంతనే ఈ విషయమున వారి సిద్ధాంతము జ్ఞప్తికి రావలెను. బరంపురమున జన్మించి, ఐర్లండులో న్యాయశాస్త్రము చదివి, బెంగాలు నాగపురము రైల్వే పనివారిని సంఘటితపఱచిన యా తెలుగుబిడ్డ, 1952లో కేంద్ర కార్మికమంత్రి యయ్యెను. యజమానికి, పనివానికి కలుగు తగవులను సర్కారు నిర్బంధతీర్పులకు అప్పగించుట సంఘములను బలహీనపఱచుననియు, ఇరుపక్షములును ముఖాముఖి బేరమాడి ఒడంబడికకు వచ్చుటయే ఆరోగ్యకరమనియు ఆయన గట్టిగా నమ్మెను. ‘గిరి మార్గము’ అని దానికి పేరు వచ్చెను. 1954లో బ్యాంకు ఉద్యోగుల తగవున ట్రిబ్యునలు తీర్పును ప్రభుత్వము మార్పగా, ఆయన మంత్రిపదవిని తృణప్రాయముగా త్యజించెను.

గిరి మార్గమును పొగడుట సులభము. దానిపై నడచుటకు కావలసిన సంభారమును సమకూర్చుట కష్టము. ముఖాముఖి బేరము సమానుల నడుమనే న్యాయమగును. తీర్పరి లేనప్పుడు లెక్క తెలిసినవాడు తెలియనివానిని దోచును. కాబట్టి గిరిగారి సిద్ధాంతమునందే కార్మికుల సొంత పరిశోధనాలయము గర్భితమైయున్నది. ఆయన పేరిట ప్రభుత్వము సంస్థను నిలిపినది. ఆయన మార్గమున సంఘములు నిలుపవలసిన సంస్థ మిగిలియున్నది.

సొమ్ము ఎవరిదో విద్య వారిది యగునను సత్యమును ఇంగ్లండు కార్మికులు 1909లోనే కనుగొనిరి. ఆక్సుఫర్డులో 1899లో స్థాపితమైన రస్కిను కళాశాల పనివారికై ఏర్పడినది. కొంతకాలమునకు దానిని విశ్వవిద్యాలయమునకు దగ్గఱగా చేర్చు యత్నములు సాగెను. వంగదేశమును ఖండించిన కర్జను ప్రభువే అప్పుడు ఆ విశ్వవిద్యాలయమునకు చాన్సెలరు. తమ ప్రిన్సిపాలగు డెన్నిసు హర్డుగారిని తొలగించినందుకు విద్యార్థులు తరగతులను బహిష్కరించిరి. వారును వారి మిత్రులును వేఱుగా సెంట్రలు లేబరు కాలేజిని నెలకొల్పిరి. దక్షిణ వేల్సు గనికార్మికులు, రైల్వే కార్మికులు తమ చందాలతో దానిని పోషించిరి. బొగ్గుగనినుండి ఆ కళాశాలకు వచ్చిన అన్యూరిను బెవాను, 1948లో బ్రిటను ప్రజలకందఱకు ఉచితవైద్యమును తెచ్చిన మంత్రి. సంఘముల ఆదరము తగ్గి 1929లో ఆ కళాశాల మూతపడెను. సొమ్ము తమదియైనచో స్వాతంత్ర్యముండును. సొమ్ము నిలుకడగా రానిచో సంస్థయే యుండదు. ఈ రెండు పాఠములను మనము ఒక్కమాఱే నేర్చుకొనవలెను.

నిలుకడకు మార్గములు లేకపోలేదు. లండనులో 1918 నుండి ఆ పేరుతో నున్న లేబరు రీసెర్చి డిపార్టుమెంటు, తనలో చేరిన సంఘముల చందాలపై నేటికిని నడచుచున్నది. జర్మనీలో పెద్ద కంపెనీల పర్యవేక్షకమండలులందు కార్మికప్రతినిధులు కూర్చుందురు. ఆ పదవికి తమకు వచ్చు ప్రతిఫలములో పెద్దభాగమును వారు హాన్సు బోక్లరు సంస్థకు సమర్పింతురు. ఆ సొమ్ముతో పరిశోధనలు జరుగును. కార్మికుల పిల్లలకు విద్యార్థివేతనములు లభించును. పదవివలన వచ్చిన లాభము నాయకుని యింటికి పోక, విద్యాలయమునకు పోవుట ఎంత చక్కని యాచారము!

ఇందుకు కొందఱు చెప్పు నాక్షేపములను విచారింతము. సంఘములు పార్టీలవారీగా చీలియున్నవి, ఒక్క గృహమున ఎట్లు ఇముడుననుట మొదటిది. చీలిక నిజమే. కాని బియ్యము ధర ఎఱ్ఱజెండాకు ఒకటి, త్రివర్ణమునకు ఒకటి, కాషాయమునకు ఒకటి కాదు. సిద్ధాంతములు వేఱైనను సూచిక ఒక్కటే. బ్రెజిలులో భిన్నమతముల సంఘములు ఒక్క లెక్కపై ఆధారపడి తమ తమ పోరాటములు సాగించుచున్నవి. విద్యావంతులు చేరి సంఘములను తామే ఏలుదురనుట రెండవది. ఆ భయము నిరాధారము కాదు. బయటి నాయకుల పెత్తనము మన సంఘములకు పాతవ్యాధి. దానికి మందు పనివానికి విద్య గఱపుటయే. పరిశోధకుడు జీతగాడుగా నుండవలెను. పాలకమండలి సంఘములు ఎన్నుకొన్న పనివారితో నిండవలెను. పేదసంఘములకు ఇంత ఖర్చు తగునా యనుట మూడవది. ఒక్క బోనసు బేరములో పోగొట్టుకొనుదానితో పోల్చినచో ఈ ఖర్చు అల్పము.

ఇది తెలుగువారికి అపరిచితమైన ఊహయు కాదు. ఆక్సుఫర్డులో చదివివచ్చిన ఎన్. జి. రంగాగారు 1930 దశకమున నిడుబ్రోలులో రైతు విద్యాలయమును నెలకొల్పి రైతుకార్యకర్తలకు అర్థశాస్త్రము, రాజనీతి బోధింపజేసిరి. 1937లో కొత్తపట్టణమున వేసవి రాజకీయ పాఠశాల తెఱచినప్పుడు నాటి ప్రభుత్వము దానిని నిషేధించెను. సభను నిషేధించుట వింత కాదు. పాఠశాలకు సైతము పాలకులు భయపడిరనగా, చదువుకొన్న శ్రామికుని శక్తిని వారు మనకంటె బాగుగ గుర్తించిరని తెలియుచున్నది.

ఈ కార్యము ఇప్పుడే యేల యని యడుగవచ్చును. 29 కార్మికచట్టములను 4 సంహితలుగా కూర్చి పార్లమెంటు 2019లో ఒకదానిని, 2020లో మూటిని ఆమోదించెను. అవి 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చినవి. వానిని మెచ్చువారు కలరు, గర్హించువారు కలరు. ఎవరి మతమెట్లున్నను, పనివాని నిత్యజీవితమును తాకు నియమములు మాఱినవి. ఒక సంస్థలో పెక్కు సంఘములున్నచో, నూటికి 51 మంది పనివారి మద్దతుగల సంఘమే బేరమాడు ఏకైక సంఘమగును. అట్టిది లేనిచో, నూటికి 20 మంది మద్దతునకొక ప్రతినిధి చొప్పున బేరపు మండలి ఏర్పడును. పారిశ్రామిక సంస్థలన్నిట సమ్మెకు ముందుగా నోటీసు అవశ్యకమైనది. ‘వేతనము’ అను మాటకే క్రొత్త నిర్వచనము వచ్చినది. భవిష్యనిధి, గ్రాట్యుటీ దాని ననుసరించి మాఱును. ఇంటింటికి భోజనము మోసికొనిపోవు యువకునివంటి వేదికా కార్మికుడు మొదటిసారిగా చట్టమున పేర్కొనబడెను. అతని కూలి లెక్క అతని చేతిలోనున్న ఫోనులోనే యున్నది. ఆ లెక్క యే సూత్రమున నడచునో అతడెఱుగడు.

బేరపుహక్కు ఒక్క సంఘమునకే దక్కు చోట, ఆ సంఘము తెలివితక్కువగా సంతకము చేసినచో పనివారందఱును దానికి కట్టుబడవలసియుండును. ఇంతకుముందు ఒక సంఘము తప్పినచో వేఱొకటి దిద్దుకొను అవకాశము కొంత యుండెడిది. ఇప్పుడు ఒక్క సంతకము కొన్ని సంవత్సరముల బ్రతుకును నిర్ణయించును. అజ్ఞానమునకు చెల్లింపవలసిన మూల్యము పెరిగినది. కనుకనే ఈ విషయమును మేము ఇంత యెత్తి చెప్పుచున్నాము.

కావలసినది మహాసౌధము కాదు. రెండు తెలుగు రాష్ట్రములలోని సంఘములు పార్టీభేదము పాటింపక ఒక ఉమ్మడి పరిశోధన శిక్షణాలయమునకు పూనుకొనవలెను. సింగరేణి గనులు, విశాఖ ఉక్కు, రవాణా, విద్యుత్తు, బ్యాంకులు మొదలగు చోటుల బలమైన సంఘములు మొదట చందా నియమముగా నిచ్చుటకు ఒప్పుకొన్నచో బీడీకార్మికులు, భవననిర్మాతలు, పారిశుద్ధ్యపు పనివారు, ఇండ్లలో పనిచేయు స్త్రీలు అల్పచందాతో దాని నీడను పొందగలరు. ఆ గృహము చేయవలసిన మొదటి పని, 1957 నాటి కొలతప్రకారము ప్రతి జిల్లాకు అవసరవేతనమును ఏటేట తెలుగులో ప్రకటించుట. రెండవది, కంపెనీల వార్షికలెక్కలను చదివి బేరమునకు పోవు సంఘమునకు నాలుగు పుటల నివేదిక నందించుట. మూడవది, ఎక్కడ ఏ యొడంబడిక కుదిరినదో సేకరించి భద్రపఱచుట. నాలుగవది, చట్టమును, లెక్కను, ఆరోగ్యరక్షణమును పనివారికి వాడుకమాటలలో నేర్పుట. వచ్చువారిలో సగము స్త్రీలుండవలెను. పాఠము షిఫ్టులకు అనుకూలమైన వేళల నుండవలెను.

ఇందుకు పనివానికి తీరిక వలదా యందురేమో. అంతర్జాతీయ కార్మికసంస్థ 1974లోనే, జీతము కోల్పోకుండ చదువునకు సెలవీయవలెనని ఒడంబడికను చేసి, సంఘవిద్యను కూడ అందు చేర్చెను. ఒడంబడికపత్రములలో ఇట్టి సెలవును కోరుట సంఘములు మొదలిడవలెను. కూలిపెంపుతోబాటు చదువుకొను దినములను కూడ బేరమాడి గెలుచుట గౌరవావహము.

1918లో అహమ్మదాబాదు నేతపనివారు 50 అడుగుట మాని 35కు కట్టుబడినప్పుడు వారు ఓడిపోలేదు. తమకు తెలిసిన న్యాయమునకు కట్టుబడిరి, కనుకనే గెలిచిరి. నాడు ఆ లెక్క కట్టుటకు మహాపురుషులు దిగివచ్చిరి. ప్రతి కర్మాగారమునకు ప్రతి యేట మహాత్ములు రారు. ఆ పనిని నిత్యము చేయు గృహమును సంఘములే నిలుపుకొనవలెను. రాబోవు బేరములు కాచికొని యుండవు. తెలుగునాట సంఘనాయకులు రానున్న మేడే నాటికైనను ఒక్కచో కూర్చుండి ఈ విషయమును తేల్చుదురుగాక యని కోరుచున్నాము.